టైరు విప్పకుండా వేసిన రంగు

రాష్ట్రం కోసం అందరూ సమ్మెకు దిగిన ఆ సంవత్సరం నా దుకాణానికి పని పెరిగింది. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. జనగామలో పెద్దరోడ్డు పక్కన కార్ల చక్రాలు బాగుచేసే దుకాణం నాది. ఆ రోజుల్లో రోడ్డు మీద ఎక్కడో ఒకచోట రాస్తారోకో జరుగుతుండేది. ట్రాక్టర్లు అడ్డంగా నిలబెట్టేవారు, టైర్లు తగలబెట్టేవారు, అక్కడే వంటావార్పు చేసేవారు. ముందుకు పోలేని కార్లు వెనక్కి తిరగడానికి దారి లేక డివైడర్ ఎక్కి దిగేవి. ఆ రాతి అంచు తగిలి అల్లాయ్ చక్రాలు గీసుకుపోయేవి, పెచ్చులు లేచిపోయేవి. ఒకటి రెండు రోజులకు అవి నా దగ్గరికి వచ్చేవి.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఏమిటో అర్థం కాదు. చక్రానికి రెండు అంచులుంటాయి. బయటి అంచు మనకు కనిపిస్తుంది. లోపలి అంచు బండి కింది వైపు ఉంటుంది. రాయి తగిలిన గీత బయటి అంచు మీదే ఉంటుంది కాబట్టి బండి యజమాని దానినే చూస్తాడు. గీతను ఎమరీ కాగితంతో రుద్ది, లోతుగా ఉన్నచోట లోహపు పుట్టీ పెట్టి, ఆరాక మళ్లీ రుద్ది, వెండి రంగు వేసి, పైన మెరుపు పూత పూస్తే చక్రం కొత్తదానిలా ఉంటుంది. కానీ దెబ్బ గట్టిగా తగిలితే లోపలి వైపు పగులు రావచ్చు. అది వెంట్రుకలాంటి పగులు, కంటికి ఆనదు.

దానిని పట్టుకునే పద్ధతి నాకు మహబూబాబాద్‌లో పని నేర్పిన ఉస్తాద్ చూపించాడు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. నేను ఆదివారం ప్రార్థనకు పోవాలంటే ఒక్కనాడూ కాదనలేదు. టైరును పూర్తిగా విప్పి, ఉత్త రిమ్ముకు లోపలంతా కిరోసిన్ పూయాలి. కాసేపు ఆగి గుడ్డతో బాగా తుడిచేయాలి. తర్వాత సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే దానిలోకి ఇంకిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. అలా గీత కనిపించిన రిమ్మును ఆయన సమ్మెటతో రెండు దెబ్బలు కొట్టి ఇంకెవ్వరూ వాడకుండా చేసేవాడు. "లోపల చూడకుండ బయట చెయ్యి పెట్టకు బేటా" అనేవాడు. పదిహేనేళ్లు నేను ఆ మాట తప్పలేదు.

నాకంటే పదేళ్లు చిన్నవాడు ఒక డ్రైవరు మా క్రైస్తవ సంఘంలో ఉండేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. ఆ సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఏడ్చేవాడు. చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీలో పనులు పట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర కారు నడిపేవాడు. వారమంతా భూపాలపల్లిలో ఉండి, శనివారం యజమానిని హైదరాబాదులో పిల్లల దగ్గర దింపి, కారుతో జనగామకు ఇంటికి వచ్చేవాడు. సోమవారం పొద్దున మళ్లీ వెళ్లి తీసుకొచ్చేవాడు. ఆదివారం ప్రార్థనకు ముందే వచ్చి చాపలు పరిచేది అతనే.

సమ్మె మొదలైన తర్వాత ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి అతను దుకాణం ముందు కారు ఆపాడు. నంబరు పలక మీద రాష్ట్రం అక్షరాలు కనబడకుండా టీజీ అని రాసిన కాగితం అంటించి ఉంది. అద్దం మీద సుద్దతో జై తెలంగాణ అని రాసి ఉంది. అట్లా లేకపోతే ఆ రోజుల్లో బండి కదిలేది కాదు.

"వందనాలన్నా" అన్నాడు దిగుతూనే. "జర ఇటు రా. ఎడమ దిక్కు ముందట చక్రం సూడు."

బయటి అంచు జానెడు మేర చెక్కుకుపోయి ఉంది.

"డివైడర్ ఎక్కించినవా?"

"ఎక్కియ్యక ఏం జెయ్యాలె? ముందట టైర్లు కాలవెట్టిండ్రు. వెనుక లారీలు. ఎక్కేటప్పుడు మంచిగనే ఎక్కింది, దిగేటప్పుడు దన్నుమని తగిలింది. నెల కాలే ఈ చక్రాలు ఏపిచ్చి. సారు సూసిండంటే సోమారం నాడే నన్ను ఇంటికి తోలుతడు."

"అయితే చెప్పు సారుకు. రాస్తారోకోల తగిలిందని చెప్తే అర్థం కాదా?"

"నీకేందన్నా, చెప్పుమంటవు. ఉద్యమం అంటే ఆయన గుడ జై అంటడు. చక్రం గీసుకపోతే అనడు."

ఇద్దరం నవ్వుకున్నాం.

బొగ్గు గనులు సమ్మెలో ఉన్నాయి, కరెంటు గంటగంటకూ పోతోంది. టైరు విప్పే యంత్రం ఆగిపోయి ఉంది. ఇనుప కడ్డీలతో చేత్తో విప్పవచ్చు, కానీ అది ఒక గంట పని. మరునాడు నెలలో మొదటి ఆదివారం. మా సంఘంలో ఆ రోజు ప్రభువు బల్ల ఉంటుంది, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. దానికి ముందు శనివారం ఆరింటికి పెద్దలమంతా మందిరంలో కూడి, తమను తాము పరీక్షించుకునే ప్రార్థన చేస్తాం. మందిరం తాళంచెవి నా దగ్గరే ఉండేది. నేను పోకపోతే అందరూ బయట నిలబడాలి.

నేను టైరు విప్పలేదు. టైరుకూ రిమ్ముకూ మధ్య పాత పెళ్లికార్డులు వరుసగా గుచ్చి, రబ్బరుకు రంగు అంటకుండా చేసి, కనిపించిన గీత వరకే రుద్ది, పుట్టీ పెట్టి, డబ్బా రంగు కొట్టాను. ఆరింటికి చేతులు కడుక్కుని మందిరానికి వెళ్లాను. పరిశుద్ధమైన పని కోసం లోకపు పని తగ్గించుకున్నానని నా మనసుకు తృప్తిగా ఉంది. ఆ ప్రార్థనలో నా హృదయాన్ని వెతకమని దేవుణ్ని అడిగాను. చక్రం సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

తర్వాతి శనివారం అతను మళ్లీ వచ్చాడు. సారు ఏమీ కనిపెట్టలేదని సంతోషంగా చెప్పాడు. వెళ్లబోతూ అన్నాడు.

"గదే చక్రం అన్నా. రెండు దినాలకోసారి గాలి కొట్టియ్యాల్సి వస్తుంది."

గాలి ఎందుకు దిగుతుందో నాకు తెలియాలి. తెలుసు కూడా. కానీ చక్రం బండికే ఉండగా వాల్వు దగ్గర, బయటి అంచు చుట్టూ సబ్బునీళ్లు పోశాను. బుడగ రాలేదు. లోపలి వైపు పోయాలంటే బండి లేపి చక్రం విప్పాలి. ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు.

"వాల్వు పిన్ను పోయినట్టుంది. మారుస్త" అన్నాను. మార్చాను.

ఆ తర్వాతి వారం రైల్ రోకో జరిగింది. కాంట్రాక్టరు తల్లి కురవి వీరభద్రస్వామికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, మహబూబాబాద్‌లో కూతురింట్లో ఆగింది. ఆమెకు హైదరాబాదులో కంటి ఆపరేషన్ ఉంది. రైళ్లు ఆగిపోవడంతో కొడుకు కారు పంపాడు. పెద్దవంగర దాటాక, పట్టపగలు, ఎదురుగా ఏ బండీ లేనిచోట, కారు ఒక్కసారిగా ఎడమకు లాగి కల్వర్టు గోడకు గుద్దుకుంది. డ్రైవరు ఎడమ మోకాలు నుజ్జయింది. ముసలమ్మ మూడో రోజు వరంగల్ దవాఖానలో చనిపోయింది.

గుద్దుకున్న మరునాడే నేను స్కూటరు మీద బయలుదేరి ఠాణా ఆవరణలో ఉన్న కారును చూసి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఎడమ ముందు చక్రం లోపలి అంచు నుంచి అరచేయంత ముక్క విరిగిపోయి ఉంది. విరిగిన లోహం కొత్తదైతే మెరుస్తుంది. అక్కడ సగం మెరుస్తోంది, సగం నల్లగా మసకబారి ఉంది. ఆ నల్లటి భాగం రెండు వారాల నుంచీ పగిలి ఉంది. దుమ్మూ, బ్రేకుల మసీ లోపలికి పోయి అలా నల్లబడింది. పదిహేనేళ్లుగా విరిగిన రిమ్ములు చూసిన నాకు ఇంకే రుజువూ అక్కరలేదు. బయటి వైపు నేను వేసిన వెండి రంగు చెక్కుచెదరకుండా ఉంది.

గోడకు గుద్దుకోవడం వల్లే చక్రం విరిగిందని అందరూ అనుకున్నారు. అలా అనుకోనిచ్చాను.

ఇంకొకటి కూడా జరిగింది. కారు గుద్దుకున్నప్పుడు ముందుగా పరుగెత్తి వచ్చినవాళ్లు పక్కనే ఈతచెట్లు గీస్తున్న ఇద్దరు. అతణ్ని బయటికి లాగేసరికి నొప్పికి కళ్లు తేలేస్తున్నాడు. దగ్గర నీళ్లు లేవు. లొట్టిలో ఉన్న కల్లు నోట్లో పోశారు. మా దిక్కు పల్లెల్లో దెబ్బ తగిలినవాడికి అట్లా పోయడం మామూలే, దయతోనే పోస్తారు. కానీ దవాఖానకు తెచ్చేసరికి అతని నోరూ అంగీ కల్లు వాసన కొడుతున్నాయి. ఆ మాట అతని కంటే ముందు జనగామ చేరింది. తాగి నడిపాడని పోలీసులు అతని మీద కేసు పెట్టారు.

నెలన్నర తర్వాత కర్రల మీద నడుస్తూ అతను పెద్దల ముందుకు వచ్చాడు. మందిరం పక్క గదిలో మా పాస్టరు అయ్యగారు, రిటైరైన ఒక బడిపంతులు, నేను కూర్చున్నాం.

అయ్యగారు మెల్లగానే అడిగాడు. "నోట్లె కల్లు వాసన వచ్చిందా లేదా?"

"వచ్చింది అయ్యగారు. వాళ్లు పోసిండ్రు. నేను అడగలె."

"పోస్తే మింగుడెందుకు? ఉమ్మేయరాదా?" అన్నాడు పంతులు. "నొప్పికి కల్లు పోస్తే, జరానికి బ్రాందీ పోస్తరా? మంచి దవాఖానే దొరికింది నీకు."

"సారూ, మీరు నవ్వుండ్రి. నేను తాగి నడపలె. ముందుగాల చప్పుడైంది. పట్‌మని. అయినంక స్టీరింగు గుంజింది. గుద్దిన చప్పుడు అటెన్క." అతను నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చక్రం పనోనివి. గిట్ల అయితదా కాదా? నువ్వన్న చెప్పు."

ముగ్గురూ నన్నే చూశారు.

"గుద్దినంక నేను బండి చూడలె తమ్మీ" అన్నాను. "చూడనిది ఎట్ల చెప్పుదు?"

అతణ్ని సంఘ క్రమశిక్షణ కింద పెట్టారు. మా దగ్గర క్రమశిక్షణ అంటే ప్రార్థనకు రావచ్చు, కానీ వెనుక గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చోవాలి. బల్లలో భాగం ఉండదు. ఎవరూ తిట్టరు. ఒప్పుకొని పశ్చాత్తాపపడే దాకా అంతే. చేయనిదాన్ని అతను ఎలా ఒప్పుకుంటాడు?

ఐదు మొదటి ఆదివారాలు గడిచాయి. రొట్టె పళ్లెం అయ్యగారు పట్టుకునేవాడు, గిన్నెల పళ్లెం నేను పట్టుకునేవాణ్ని. వరుసలన్నీ తిరిగి చివరి చాప దాకా వెళ్లి, అతని ముందు నుంచి వెనక్కి తిరిగేవాణ్ని. మోకాలు వంగక అతను కాలు బారజాపి కూర్చునేవాడు. నేను తిరిగేటప్పుడు తొక్కకుండా ఆ కాలిని చేత్తో పక్కకు లాక్కునేవాడు. నేను నా వంతు గిన్నె తాగేవాణ్ని. తగని విధంగా తాగేవాడి మీదికి ఏ తీర్పు వస్తుందో వాక్యంలో చదివినవాణ్ని, ఇతరులకు చెప్పినవాణ్ని. అయినా తాగాను. తాగకపోతే ఎందుకు తాగలేదని అడుగుతారు. ఇంట్లో మోకరిస్తే మాట వచ్చేది కాదు. పిల్లల కోసం, రాష్ట్రం కోసం, రోగుల కోసం ప్రార్థించేవాణ్ని. ఆ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి లేచిపోయేవాణ్ని.

నా భయం ఏమిటో దాచను. ఒక ప్రాణం పోయింది. కేసు నా మీదికి వస్తుందని భయం. దుకాణానికి ఎవరూ రారని భయం. అన్నిటికంటే ఎక్కువ, ఆదివారం నాడు ముందు వరుసలో నిలబడే నా చోటు పోతుందని భయం.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం అతని భార్య దుకాణానికి వచ్చింది. పత్తి మిల్లులో కూలికి పోతోంది. జుట్టు మీద దూది అంటుకుని ఉంది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"అన్నా, ఒక్క మాట అడుగుదామని వచ్చిన. ఎవ్వలతోని అనకు."

"చెప్పు చెల్లె."

"మొదలు నేను ఆయన దిక్కే ఉన్న. నా మొగడు తాగలేదని అందరితోని కొట్లాడిన. గిప్పుడు నాకే అనుమానమొస్తుందన్నా. అండ్ల నా తప్పు లేదు. ఆయనే అంటుండు."

"ఏమంటుండు?"

"చప్పుడు రాలేదేమో, నేనే అనుకున్ననేమో అంటుండు. నాకు నిద్ర వట్టిందేమో, ముసలవ్వను నేనే సంపిన్నేమో అంటుండు. నిన్న రాత్రి, రేపు ఐతారం అయ్యగారితోని తాగిన అని చెప్పేస్త, గీ చాప మీద కూసునుడన్న తప్పుతది అన్నడు. తాగినవా అని అడిగిన. తెల్వదన్నడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు ఒక్కసారి పోయి ఆ చక్రం చూసి రారాదన్నా? చప్పుడు ముందుగాల రాదు అని నువ్వు చెప్తే, ఒప్పుకో అని నేనే చెప్త. ఏదో ఒకటి తెలుస్తది."

నా చేతిలో ఎమరీ కాగితం ఉంది. దానిని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"చప్పుడు ముందుగాలనే వస్తది" అన్నాను. "ఆయన తాగలె. నిద్రపోలె. నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

ఆమెకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆదివారం చెప్తానన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లి నా మాట భర్తకు చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే అయ్యగారి ఇంటికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన అంతా విన్నాడు. చివరికి, "ఆయన్ను మళ్ల బల్లలకు తీసుకుందాం. కారణం చెప్పాల్సిన పని లేదు. నీ పేరు బయటికి ఎందుకు?" అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. నా ప్రాణం ఆ మాట వైపు ఎంత లాగిందో దేవునికి తెలుసు. వద్దన్నాను.

అది మొదటి ఆదివారం. మందిరంలో నిలబడి చెప్పాను. టైరు విప్పలేదని, గాలి దిగుతుందని చెప్పినా చూడలేదని, ఠాణాలో చక్రం చూసి వచ్చి చూడలేదని అబద్ధమాడానని, అంతా చెప్పాను. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. సంఘమంతా లేచి నా కోసం ప్రార్థించింది. పంతులు నన్ను కావలించుకుని, "ఎంత ధైర్యం నీది, దేవునికి స్తోత్రం" అన్నాడు. నన్ను వెనుక కూర్చోబెట్టమని అడిగాను. ఒప్పుకున్నవాడికి శిక్ష ఎందుకన్నారు. పావుగంటలో గిన్నెల పళ్లెం మళ్లీ నా చేతిలో పెట్టారు. డ్రైవరును కూడా ముందుకు పిలిచారు. అతను రాలేదు.

నేను పళ్లెం పక్కన పెట్టి చివరి చాప దాకా వెళ్లి అతని ముందు మోకరించాను. అతను నెమ్మదిగా అన్నాడు. కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నీకైతే ఒక్క ప్రార్థనల అయిపాయె అన్నా."

అతను కాలిని చేత్తో పక్కకు లాక్కున్నాడు.

"ఈడ చెప్పినవు, మంచిదే. ఈడ అందరు మనోళ్లే. భూపాలపల్లి పోయి చెప్తవా? ముసలవ్వ కొడుకుకు చెప్తవా?"

మరునాడు బస్సెక్కాను. కాంట్రాక్టరు ఇల్లు భూపాలపల్లిలో ఉంది. అతను చెల్పూరు నుంచి వచ్చేదాకా వరండాలో కూర్చున్నాను. పెద్ద మనిషి, అలసిపోయి ఉన్నాడు. ఎవరివి, ఏం పని అని అడిగాడు. నిలబడే మొదలుపెట్టాను. నాలుగు మాటలు వినగానే చెయ్యి ఎత్తి ఆపాడు. లోపలికి రమ్మన్నాడు. హాల్లో గోడకు తల్లి ఫోటో ఉంది, దండ వాడిపోయి ఉంది. దాని ముందు కుర్చీ వేయించాడు.

"ఈమె ముందట కూసోని మొదటికెళ్లి చెప్పు" అన్నాడు.

చెప్పాను. అతను నా పక్కనే నిలబడి ఫోటోనే చూస్తూ విన్నాడు. డ్రైవరు తనకు భయపడి గీత దాచాడన్నచోట ఒకసారి కళ్లు మూసుకున్నాడు. అంతా అయ్యాక ఒకే ఒక్కటి అడిగాడు.

"లోపల చూడనీకి ఎంతసేపు పట్టేది?"

"గంట పట్టేదయ్యా."

అతను కాగితం, పెన్ను తెప్పించాడు. చెప్పిందంతా రాసి సంతకం పెట్టాను. బయటికి వచ్చేటప్పుడు వెనుక నుంచి తలుపు మూసుకుంది.

ఆ కాగితం వకీలు దగ్గరికి, అక్కడి నుంచి కోర్టుకు పోయింది. డ్రైవరు మీది కేసు కొట్టేశారు. నన్ను రెండుసార్లు పిలిచి అడిగారు, తర్వాత పిలవలేదు. కాంట్రాక్టరు అతణ్ని మళ్లీ పనికి రమ్మని కబురు పెట్టాడు కానీ, క్లచ్చు తొక్కాల్సింది ఎడమ కాలితోనే. ఆ ఎండాకాలమే వాళ్లు మహబూబాబాద్‌కు, ఆమె తల్లిగారింటికి వెళ్లిపోయారు. అక్కడ సంఘంలో అతను చాపలు పరుస్తున్నాడని విన్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ అంతా రంగులు చల్లుకుంది. నేను దుకాణం తీయలేదు. మహబూబాబాద్‌కు పోయి అతని ఇంటి ముందు నిలబడ్డాను. "రా అన్నా" అని పిలిచాడు, మంచినీళ్లు ఇప్పించాడు, నా పిల్లల గురించి అడిగాడు. వచ్చే నెల మొదటి ఆదివారం నేనూ మీ సంఘానికి వచ్చి మీతోపాటు బల్లలో కూర్చుంటానన్నాను.

అతను చెయ్యి ఊతంగా మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే వద్దన్నా" అన్నాడు.